సెటిల్‌మెంట్.. ఎవరి మేలు కోసం?

పెద్ద కంపెనీ తప్పు చేస్తే ప్రభుత్వం కేసు పెడుతుంది. చాలా కేసులు తీర్పు దాకా వెళ్లవు. మధ్యలోనే రాజీతో ముగుస్తాయి. ఆ రాజీ ఎలా జరగాలి, చేసే అధికారికి హద్దులేంటి అన్నదానిపై అమెరికా న్యాయశాఖలో ఏళ్లుగా పెద్ద చర్చే నడుస్తోంది. ఎక్కడో అమెరికా సంగతి మనకెందుకు అనుకోకండి. రేపు కార్పొరేట్ కొలువులో చేరబోయే మీకు దీంతో నేరుగా పని ఉంది.

సెటిల్‌మెంట్ అనగానే మీకేం గుర్తొస్తుంది? భూమి తగాదాలో తలదూర్చే చోటా నాయకుడు, సినిమాలో తెల్లచొక్కా దాదా. మన వాడుకలో ఆ మాటకి అంత మంచి పేరు లేదు. నిజానికి రాజీ చెడ్డదేం కాదు. కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడన్న సామెత మనదే కదా!

అయితే ఊళ్లో పెద్దమనుషుల పంచాయితీ ఒకటి ఊహించుకోండి. తప్పు చేసినవాడికి జరిమానా వేశారు. ఆ డబ్బు నష్టపోయినవాడి చేతికిస్తే ఎవరికీ పేచీ ఉండదు. ‘గుడికి ఇచ్చెయ్’ అన్నారనుకోండి. గుడికివ్వడం మంచిపనే. మరి నష్టపోయినవాడి సంగతేంటి? ఫలానా గుడికే ఇవ్వాలని చెప్పే హక్కు ఆ పెద్దమనిషికి ఎవరిచ్చారు? పంచాయితీ నాలుగు గోడల మధ్య జరిగితే ఈ ప్రశ్నలు అడిగేదెవరు?

అమెరికాలో వందల కోట్ల డాలర్ల కేసుల్లో తలెత్తినవీ ఇవే ప్రశ్నలు.

తీర్పు బదులు ఒప్పందం

అమెరికా న్యాయశాఖ 1870లో ఏర్పడింది. దాని అధిపతి అటార్నీ జనరల్. ఫెడరల్ ప్రభుత్వం తరఫున కేసులు వేసేది, వాదించేది ఈ శాఖే. దేశమంతటా 93 మంది యూఎస్ అటార్నీలు దీని కింద పనిచేస్తారు.

కంపెనీలతో ఈ శాఖ చేసుకునే ఒప్పందాల్లో ప్రధానమైనవి నాలుగు. సివిల్ కేసుల్లో డబ్బు కట్టి ముగించుకునేది సివిల్ సెటిల్‌మెంట్. క్రిమినల్ కేసులో నేరం ఒప్పుకొని శిక్ష విషయంలో ఒక అవగాహనకు రావడం ప్లీ అగ్రిమెంట్. కేసు దాఖలు చేసి, షరతులు పెట్టి, కొన్నేళ్లు పక్కన ఉంచడం డిఫర్డ్ ప్రాసిక్యూషన్ అగ్రిమెంట్. గడువులోగా కంపెనీ బుద్ధిగా ఉంటే కేసు కొట్టేస్తారు. షరతులకు ఒప్పుకుంటే అసలు కేసే దాఖలు చేయకపోవడం నాన్ ప్రాసిక్యూషన్ అగ్రిమెంట్.

తప్పు చేసిన కంపెనీకి ఇంత వెసులుబాటు ఎందుకు? ఈ ప్రశ్నకు జవాబుగా ఎక్కువమంది చెప్పేది ఆర్థర్ ఆండర్సన్ కథ. ఎన్రాన్ కుంభకోణంలో కాగితాలు ధ్వంసం చేశారని ఈ ఆడిట్ సంస్థపై 2002 మార్చిలో అభియోగం మోపారు. జూన్‌లో జ్యూరీ దోషిగా తేల్చింది. సంస్థ కుప్పకూలింది. ఒక్క అమెరికాలోనే దాదాపు 28,000 మంది పనిచేసే సంస్థ అది. వాళ్లలో ఎక్కువమంది ఎన్రాన్ ఫైలు ముఖం కూడా చూసి ఉండరు. 2005లో సుప్రీంకోర్టు ఆ తీర్పును ఏకగ్రీవంగా రద్దు చేసింది. కానీ అప్పటికి కాపాడుకోవడానికి సంస్థే మిగల్లేదు.

కొద్దిమంది చేసిన తప్పుకు వేలమంది వీధిన పడకూడదన్న ఆలోచనలో న్యాయం ఉంది. రాజీ పద్ధతి బలపడింది అందుకే. అయితే తీర్పు బహిరంగంగా వస్తుంది. రాజీ మాత్రం మూసిన తలుపుల వెనక కుదురుతుంది. కాబట్టి మూడు ప్రశ్నలు తప్పకుండా అడగాలి. డబ్బు ఎవరికి చేరింది? తప్పు చేసిన మనిషి ఎవరు? నష్టపోయినవాళ్ల మాట విన్నారా?

ప్రశ్న 1: డబ్బు ఎవరికి?

2014 ఆగస్టులో బ్యాంక్ ఆఫ్ అమెరికా 1,665 కోట్ల డాలర్లకు ప్రభుత్వంతో రాజీ పడింది. 2008 ఆర్థిక సంక్షోభానికి ముందు నాసిరకం గృహరుణాలను కట్టలుగా చేసి మదుపరులకు అమ్మిన వ్యవహారమది. ఒక సంస్థతో కుదిరిన సివిల్ సెటిల్‌మెంట్లలో అమెరికా చరిత్రలో అప్పటికి అదే అతి పెద్దది. అందులో 700 కోట్ల డాలర్ల మేర వినియోగదారులకు ఊరట కల్పించాలన్నది షరతు. ఊరటలో భాగంగా గృహరుణ సలహా కేంద్రాలకు, పేదలకు న్యాయసహాయం అందించే సంస్థలకు విరాళాలు ఇవ్వాలని కూడా రాసుకున్నారు.

గొడవ ఇక్కడే మొదలైంది. ఆ సంస్థలు కేసులో కక్షిదారులు కావు, నష్టపోయినవీ కావు. అమెరికాలో ప్రజల సొమ్ము ఎక్కడ ఖర్చు పెట్టాలో తేల్చే అధికారం కాంగ్రెస్‌ది. ప్రభుత్వం తరఫున వసూలైన డబ్బు ఖజానాకు జమ కావాలన్న చట్టం 1849 నుంచి ఉంది. ఖజానాకు రావాల్సిన సొమ్మును దారి మళ్లించి, ఫలానా సంస్థకు ఇవ్వమని ప్రభుత్వ లాయరు చెప్పొచ్చా? ఈ రోజు మంచి సంస్థకే ఇస్తారు, రేపు అస్మదీయుల సంస్థకు ఇస్తే? ఇదీ విమర్శకుల వాదన.

ఇంకో వైపు వాదన కూడా వినండి. కంపెనీ గాలిని కలుషితం చేసింది. నష్టపోయింది ఎవరు? ఆ గాలి పీల్చిన లక్షలమంది. ఒక్కొక్కరినీ వెతికి చెక్కు ఇవ్వడం అయ్యే పనేనా? ఆ నష్టాన్ని సరిదిద్దే పని చేస్తున్న సంస్థకు డబ్బిస్తే తప్పేంటి? ఇదీ కొట్టిపారేయాల్సిన మాట కాదు.

ఈ రెండు వాదనల మధ్య నిబంధన లోలకంలా ఊగుతూనే ఉంది. 2017 జూన్‌లో అటార్నీ జనరల్ జెఫ్ సెషన్స్ కొన్ని మినహాయింపులతో ఇలాంటి మూడో పక్షం చెల్లింపులను నిషేధించారు. అదే ఏడాది నిషేధాన్ని చట్టంగా మార్చే బిల్లును ప్రతినిధుల సభ ఆమోదించినా అది చట్టం కాలేదు. 2020 డిసెంబరులో న్యాయశాఖే దాన్ని తన అధికారిక నియమావళిలో చేర్చింది. 2022 మేలో మెరిక్ గార్లాండ్ ఆ నియమాన్ని తొలగించి, హద్దులు పెట్టి చెల్లింపులకు మళ్లీ దారి తెరిచారు. 2025 ఫిబ్రవరిలో పామ్ బోండీ తిరిగి నిషేధం విధించారు.

ఎనిమిదేళ్లలో మూడు మలుపులు! ఇందులో మీరు గమనించాల్సింది ఒకటుంది. అటార్నీ జనరల్ రాసే మెమో తర్వాత వచ్చినవారి సంతకంతో చెల్లిపోతుంది. చట్టసభ చేసే చట్టం అలా కాదు. సంస్కరణ నిలవాలంటే అది ఎక్కడ రాసి ఉందన్నది ముఖ్యం.

ప్రశ్న 2: తప్పు చేసిందెవరు?

కంపెనీ జరిమానా కడుతుంది. ఆ డబ్బు ఎవరిది? వాటాదారులది. తప్పుడు నిర్ణయం తీసుకున్న పెద్దమనిషి మాత్రం బోనస్‌తో ఇంటికెళ్తాడు. 2008 సంక్షోభం తర్వాత అమెరికన్లకు ఒళ్లు మండింది ఇందుకే.

2015 సెప్టెంబరులో అప్పటి డిప్యూటీ అటార్నీ జనరల్ శాలీ యేట్స్ ఒక మెమో ఇచ్చారు. విచారణకు సహకరించామని చెప్పుకొని శిక్షలో తగ్గింపు కోరే కంపెనీ, తప్పులో పాలుపంచుకున్న వ్యక్తులందరి వివరాలూ ఇవ్వాల్సిందే అన్నది దాని సారం. 2018లో ఈ షరతును సడలించి, గణనీయమైన పాత్ర ఉన్నవాళ్ల వివరాలిస్తే చాలన్నారు. 2021లో లీసా మొనాకో పాత షరతునే తిరిగి తెచ్చారు.

ప్రశ్న 3: బాధితులను అడిగారా?

ఈ ప్రశ్న ఎంత బరువైనదో బోయింగ్ కేసు చెబుతుంది. 2018 అక్టోబరులో ఇండోనేసియాలో, 2019 మార్చిలో ఇథియోపియాలో 737 మ్యాక్స్ విమానాలు కూలి 346 మంది చనిపోయారు. రెండు ప్రమాదాల మృతుల్లోనూ భారతీయులున్నారు. విమానాన్ని కిందికి వంచే ఎంక్యాస్ అనే సాఫ్ట్‌వేర్ గురించి నియంత్రణ సంస్థను మోసగించారన్నది కంపెనీపై అభియోగం. 2021 జనవరిలో 250 కోట్ల డాలర్లకు పైగా మొత్తంతో డిఫర్డ్ ప్రాసిక్యూషన్ ఒప్పందం కుదిరింది.

ఆ మొత్తాన్ని విడదీసి చూడండి. విమానాలు కొన్న ఎయిర్‌లైన్స్‌కి 177 కోట్లు. జరిమానా 24.36 కోట్లు. మృతుల కుటుంబాలకు 50 కోట్లు. సింహభాగం వెళ్లింది విమానాలు నిలిచిపోయి వ్యాపారం దెబ్బతిన్న కంపెనీలకు!

పైగా ఒప్పందం కుదిరేముందు కుటుంబాలతో ఎవరూ మాట్లాడలేదు. చట్టం ప్రకారం వాళ్లు నేర బాధితుల కిందికి రారన్నది న్యాయశాఖ వాదన. కుటుంబాలు కోర్టుకెక్కాయి. వాళ్లు బాధితులేనని 2022 అక్టోబరులో టెక్సాస్ ఫెడరల్ జడ్జి తేల్చారు. అయినా ఒప్పందం రద్దు కాలేదు. ఒక మాజీ టెక్నికల్ పైలట్‌పై విడిగా కేసు పెడితే జ్యూరీ నిర్దోషి అంది. పై స్థాయి వాళ్లెవరిపైనా క్రిమినల్ కేసు లేదు.

2024 జనవరిలో గాల్లో ఉన్న మ్యాక్స్ విమానం తలుపు భాగం ఊడిపోయింది. ఒప్పందం గడువు ముగియడానికి అప్పటికి రెండు రోజులే ఉంది. కంపెనీ షరతులు ఉల్లంఘించిందని ఆ ఏడాది మేలో న్యాయశాఖ ప్రకటించింది. జులైలో నేరం ఒప్పుకుంటామని కంపెనీ అంది. డిసెంబరులో ఆ ఒప్పందాన్నీ జడ్జి తిరస్కరించారు. 2025 మేలో న్యాయశాఖ మళ్లీ దారి మార్చుకొని, ప్రాసిక్యూషన్ లేకుండానే ముగించే ఒప్పందానికి వచ్చింది. చాలా కుటుంబాలు దాన్నీ వ్యతిరేకించాయి.

డబ్బు వచ్చింది కదా, ఇంకేం కావాలి అని ఎవరైనా అనొచ్చు. మనిషిని పోగొట్టుకున్నవాళ్లకి కావాల్సింది చెక్కు ఒక్కటే కాదు. ఏం జరిగిందో బహిరంగంగా తేలాలి, తమ మాట ఒక్కసారైనా వినాలి. రాజీలో మొట్టమొదట మాయమయ్యేది అదే.

కాపలా వాడికి కాపలా

ఇంత అధికారం ఉన్న ప్రాసిక్యూటరే తప్పు చేస్తే? అమెరికా న్యాయశాఖ ఈ సమస్యను ఎదుర్కొంది. వాటర్‌గేట్ కుంభకోణంలో మాజీ అటార్నీ జనరలే దోషిగా తేలాక, 1975లో శాఖలోని లాయర్ల నడవడిపై విచారణకు ప్రత్యేక విభాగం పెట్టారు. 1998లో కాంగ్రెస్ చేసిన చట్టం ప్రకారం ఫెడరల్ ప్రాసిక్యూటర్లు కూడా తాము పనిచేసే రాష్ట్రంలోని లాయర్ల నీతి నియమాలకు కట్టుబడాలి. ఉద్యోగంలో ఉండగా స్వయంగా చూసిన కేసులో, బయటికొచ్చాక ఎదుటి పక్షం తరఫున ప్రభుత్వంతో మంతనాలకు రాకూడదు. ఈ ఆంక్ష జీవితాంతం ఉంటుంది.

అయినా లోపాలు బయటపడుతూనే ఉన్నాయి. 2008లో అలాస్కా సెనెటర్ టెడ్ స్టీవెన్స్‌ను జ్యూరీ దోషిగా తేల్చింది. నిందితుడికి మేలు చేసే సాక్ష్యాలను ప్రాసిక్యూటర్లు బయటపెట్టలేదని తర్వాత తెలిసింది. అలాంటివి నిందితుడికి ఇచ్చితీరాలని సుప్రీంకోర్టు 1963లోనే చెప్పింది. 2009 ఏప్రిల్‌లో న్యాయశాఖే కేసు కొట్టేయమని కోరింది. జడ్జి ఎమెట్ సలివాన్ శాఖ సొంత విచారణతో సరిపెట్టుకోకుండా బయటి లాయరుతో దర్యాప్తు చేయించారు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని మన పెద్దలు ఊరికే అనలేదు. అప్పటి నుంచి సాగిన పోరుతో 2020 అక్టోబరులో కొత్త చట్టం వచ్చింది. క్రిమినల్ కేసు మొదట్లోనే ఈ బాధ్యతను జడ్జి ప్రాసిక్యూటర్లకు ఉత్తర్వు ద్వారా గుర్తుచేయాలని అది చెబుతోంది.

మీరు దరఖాస్తు చేసే కంపెనీలూ ఉన్నాయ్

ఇదంతా మనకు దూరం అనుకుంటున్నారా? క్యాంపస్ ప్లేస్‌మెంట్ జాబితాలో కనిపించే పేర్లే చూడండి.

ఇన్ఫోసిస్: బీ-1 వీసాల వాడకంపై వచ్చిన ఆరోపణలను 2013లో 3.4 కోట్ల డాలర్లకు సెటిల్ చేసుకుంది. వీసా మోసం ఆరోపణను మాత్రం కంపెనీ అంగీకరించలేదు. విషయం బయటికి తెచ్చినవాళ్లలో ఆ సంస్థ ఉద్యోగి ఒకరున్నారు.

కాగ్నిజెంట్: చెన్నై క్యాంపస్ అనుమతికి లంచం ఇచ్చారన్న విషయాన్ని కంపెనీయే స్వయంగా వెళ్లి చెప్పింది. 2019లో న్యాయశాఖ కంపెనీపై ప్రాసిక్యూషన్ వద్దనుకుంది. స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థకు దాదాపు 2.5 కోట్ల డాలర్లు కట్టింది. ఇద్దరు మాజీ ఉన్నతాధికారులపై పెట్టిన కేసును 2025లో ఉపసంహరించారు.

ర్యాన్‌బాక్సీ: మందుల నాణ్యత, తప్పుడు డేటా వ్యవహారంలో 2013లో నేరం ఒప్పుకొని 50 కోట్ల డాలర్లు కట్టింది. గుట్టు బయటపెట్టింది ఆ కంపెనీలో పనిచేసిన దినేశ్ ఠాకుర్. అమెరికాలో 1863 నాటి ఫాల్స్ క్లెయిమ్స్ చట్టం కింద, ప్రభుత్వాన్ని మోసం చేసినవారి గుట్టు విప్పే ప్రజావేగుకు వసూలైన సొమ్ములో 15 నుంచి 30 శాతం దాకా వాటా దక్కొచ్చు. ఆయనకు 4.8 కోట్ల డాలర్లకు పైగా వచ్చింది. ఆ అంకె చూసి మురిసిపోకండి. 2005లో ఉద్యోగం వదులుకున్నాక ఎనిమిదేళ్లకు గానీ కేసు కొలిక్కి రాలేదు.

ఈ మూడింటిలోనూ మలుపు తిప్పింది లోపలి సమాచారమే. ఒకచోట కంపెనీయే చెప్పింది, మిగతా రెండుచోట్ల ఉద్యోగులు చెప్పారు.

మరి కొలువుల సంగతి?

ఇలాంటి కేసుల భయమే కంప్లయన్స్ అనే ఉద్యోగ రంగాన్ని పెంచింది. కంపెనీ చట్టాలను పాటిస్తోందో లేదో లోపలే ఉండి కనిపెట్టే పని ఇది. హైదరాబాద్‌లోని విదేశీ బ్యాంకుల, ఫార్మా కంపెనీల కేంద్రాల్లో ఈ కొలువులు కనిపిస్తాయి.

• బీకాం, బీబీఏ వంటి మామూలు డిగ్రీ ఉన్నా కేవైసీ, మనీ లాండరింగ్ నిరోధక విభాగాల్లో అనలిస్ట్‌గా మొదలుపెట్టొచ్చు.
• బీటెక్, డేటా సైన్స్ వాళ్లకు అనుమానాస్పద లావాదేవీలను గుర్తించే పనుల్లో, ఫోరెన్సిక్ డేటా విశ్లేషణలో చోటుంది. ఎస్‌క్యూఎల్, ఎక్సెల్ గట్టిగా రావాలి.
• బీఫార్మసీ వాళ్లకు నాణ్యతా విభాగం, డేటా ఇంటెగ్రిటీ పనులు సరిపోతాయి.
• లా చదవాలనుకుంటే లాసెట్ రాసి మూడేళ్ల లేదా అయిదేళ్ల కోర్సులో చేరొచ్చు. సీఏ, సీఎస్ చేసినవాళ్లకూ ఈ రంగంలో మంచి గిరాకీ ఉంది.
• కొంత అనుభవం వచ్చాక సీఎఫ్ఈ, సీఏఎంఎస్, సీసీఈపీ సర్టిఫికేషన్లు ప్రయత్నించొచ్చు. చేరకముందే వేలకు వేలు పోసి కొనుక్కోనక్కర్లేదు.

తయారీకి ఉచితంగా దొరికే పాఠ్యపుస్తకం ఒకటుంది. కంపెనీల కంప్లయన్స్ వ్యవస్థను ఎలా అంచనా వేయాలో ప్రాసిక్యూటర్లకు చెబుతూ అమెరికా న్యాయశాఖే ఒక మార్గదర్శిని విడుదల చేసింది. 2017లో తొలిసారి వచ్చి, ఆ తర్వాత పలుమార్లు మారింది. దాని సారమంతా మూడు ప్రశ్నల్లో ఉంది. వ్యవస్థను సరిగా రూపొందించారా? దానికి తగిన మనుషులు, నిధులు, అధికారం ఇచ్చారా? అది ఆచరణలో పనిచేస్తోందా? కంప్లయన్స్ ఇంటర్వ్యూకి వెళ్లేముందు దాన్ని ఒకటికి రెండుసార్లు చదవండి.

మన చట్టాలూ తెలిసి ఉండాలి. సెబీకి 2018 నాటి సెటిల్‌మెంట్ నిబంధనలున్నాయి. అక్రమ లాభాల రికవరీ, ఖర్చులు పోగా సెటిల్‌మెంట్ సొమ్ము భారత సంచిత నిధికి చేరాలి. అంటే ‘డబ్బు ఎవరికి?’ అన్న ప్రశ్నకు ఇక్కడ చట్టంలోనే జవాబుంది. లిస్టెడ్ కంపెనీల్లో ఉద్యోగులు తప్పులను నివేదించే ఏర్పాటు ఉండాలని 2013 కంపెనీల చట్టం 177వ సెక్షన్ చెబుతోంది. ఉద్యోగంలో చేరిన వారంలోనే అది ఎక్కడుందో కనుక్కోండి.

ఇంటర్వ్యూలో ఇలా అడిగితే..

‘మీ మేనేజర్ పాత తేదీ వేసి సంతకం పెట్టమంటే ఏం చేస్తారు?’ అని అడుగుతారు. ‘పెట్టను సార్’ అని ఊరుకుంటే చాలదు. ఎందుకు పెట్టకూడదో మర్యాదగా చెబుతాను, ఒత్తిడి చేస్తే ఈమెయిల్లో రాతపూర్వకంగా అడుగుతాను, తర్వాత నివేదించే ఏర్పాటును వాడతాను అని మెట్లుమెట్లుగా చెప్పండి.

‘కంపెనీ తప్పును తనంతట తాను ఎందుకు ఒప్పుకోవాలి?’ అంటే కాగ్నిజెంట్ ఉదాహరణ చెప్పండి. ‘రాజీ మంచిదా, విచారణ మంచిదా?’ అంటే ఒక పక్షానికి కొమ్ముకాయకండి. ఆండర్సన్‌నీ, బోయింగ్‌నీ పక్కపక్కన పెట్టి చూపండి. మీకు విషయం తెలుసని వాళ్లకి అర్థమవుతుంది.

చివరిగా ఒక మాట. కన్సల్టెన్సీ వాళ్లు చెప్పారని లేని మూడేళ్ల అనుభవాన్ని రెజ్యూమెలో చేర్చి, ఇలాంటి కొలువుకు వెళ్లకండి. ఇతరుల కాగితాల్లో అబద్ధాలు పట్టుకునే ఉద్యోగానికి అబద్ధపు కాగితంతో వెళ్తే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికిపోతారు. దొరక్కపోయినా, రేపు మేనేజర్ పాత తేదీ వేయమన్నప్పుడు కాదనే ధైర్యం ఎక్కణ్నుంచి వస్తుంది?